సర్వరేశ్వర విజయం

అవతారిక

కావ్యానికి నాయకుడు ధీరోదాత్తుడై ఉండాలన్నారు లాక్షణికులు. గంభీరుడై ఉండాలి, తన గొప్ప తాను చెప్పుకోకూడదు, పట్టిన వ్రతం విడవకూడదు. బెజవాడ గవర్నరుపేటలో రెండో అంతస్తులో ఉన్న ఒక ఆడిటరు గారి ఆఫీసును ఆసాంతం గాలించగా ఇన్ని లక్షణాలూ ఉన్నవాడు ఒక్కడే తేలాడు. ఆడిటరు గారు గంభీరులే కానీ, సెప్టెంబరు నెల వస్తే ఆ గాంభీర్యం ట్యాక్స్ ఆడిట్ల గడువుతో పాటు కరిగిపోతుంది. పెద్ద గుమాస్తా గారు తన గొప్ప తాను చెప్పుకోకుండా ఉండలేరు. ఆర్టికల్స్ పిల్లలు వ్రతం పట్టినవాళ్ళే, అయితే సీఏ ఫైనల్ రెండో గ్రూపు దగ్గర భంగమైంది. ఇక మిగిలింది స్టోరు గదిలో, గోడకు బిగించిన ఇనుప ర్యాకులో, రాత్రింబవళ్ళు గుర్రుమంటూ పడి ఉండే నల్లని పెట్టె. ఆఫీసంతా దాన్ని సర్వర్ అంటుంది. కావ్యగౌరవం కోసం మనం సర్వరేశ్వరుడందాం.

తొలి దండం విఘ్నేశ్వరుడికి. ఆయన్ని వేడుకునేది ఒక్కటే: స్వామీ, మీ వాహనాన్ని మా లాన్ తీగల జోలికి రానివ్వకండి. రెండో దండం చిత్రగుప్తుల వారికి. సకల జీవరాశుల పద్దులూ యుగాల తరబడి ఒక్క ఎంట్రీ పోకుండా నిలిపిన మహానుభావుడు. ఆ బ్యాకప్ ఎక్కడ పెడుతున్నాడో మాకు కలలోనైనా చెప్పుగాక. ఇక కుకవినింద చెయ్యనిదే ప్రబంధం ప్రబంధం కాదు. "డెస్క్‌టాప్ మీదే ఉందిగా, పెన్‌డ్రైవ్‌లో వేసేశాగా, వాట్సాప్‌లో పంపేశాగా" అనేవారే ఈ కథకు కుకవులు. వారి ఫైళ్ళకు సద్గతి కలుగుగాక.

ప్రథమాశ్వాసం: వంశకీర్తనం

సర్వరేశ్వరుడిది ఆషామాషీ వంశం కాదు. మూలపురుషుడు 1956లో అమెరికాలో ఐబీఎం వారింట అవతరించాడు. పేరు రామాక్. రెండడుగుల వ్యాసం గల పళ్ళేలు యాభై ఒకే ఇరుసుకు గుచ్చితే వచ్చిన దేహం, టన్ను పైబడిన బరువు. అంతటి భారీకాయుడి కడుపులో పట్టినవి యాభై లక్షల అక్షరాలు. ఇవాళ ఆర్టికల్ కుర్రాడు ఫోనుతో తీసే పెట్రోలు బిల్లు ఫొటో ఒక్కటి మింగితే ఆ మహాపురుషుడికి భుక్తాయాసం వచ్చేస్తుంది.

తర్వాతి తరాల్లో దేహాలు చిక్కాయి, కడుపులు పెరిగాయి. 1983లో నోవెల్ వారి నెట్‌వేర్, ఒకే డిస్కును పదిమంది పంచుకుని కాపురం చెయ్యవచ్చునని చాటింది. మరుసటి ఏడు సన్ మైక్రోసిస్టమ్స్ ఫైళ్ళు పంచుకునే ఎన్ఎఫ్ఎస్ అనే పద్ధతి తెచ్చింది. 1988లో బర్క్‌లీ ఆశ్రమంలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు మునులు ఒక పత్రం వెలువరించారు. ఖరీదైన మహాడిస్కు ఒక్కటి కొనే బదులు చౌక డిస్కులు కొన్ని జతకట్టండి, ఒకటి రాలినా మిగతావి పరువు నిలుపుతాయి అని దాని సారాంశం. రెయిడ్ అనే వ్రతం అక్కడ పుట్టింది. 1990ల తొలినాళ్ళలో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే విద్యార్థి, పీసీలు ఫైళ్ళు పంచుకునే భాషను యూనిక్స్ యంత్రాలకు నేర్పాడు. సాంబా అనే ఆ ఉచిత ప్రోగ్రామే ఇప్పుడు నెట్‌వర్కుకు తగిలించే నాస్ అనే డిస్కు పెట్టెల్లో చాలావాటి నోట పలుకుతోంది.

మేనరికం వైపు చూస్తే 1986లో బెంగళూరులో పుట్టిన ట్యాలీ ఉంది. మన దేశపు చిన్న ఆఫీసుల్లో సర్వర్ ఎందుకు కొన్నారని అడిగితే చాలాచోట్ల ఒకే జవాబు వస్తుంది: ట్యాలీ డేటా పెట్టడానికండీ. పెళ్ళి ఎవరిదైనా పిల్ల తరఫువాళ్ళదే హడావుడి అన్నట్టు, పెట్టె ఎవరు తయారు చేసినా అందులో రాజ్యమేలేది ఆ ఫోల్డరే.

ద్వితీయాశ్వాసం: పుర వర్ణన, నాయక వర్ణన

సర్వరేశ్వరుడి రాజధాని స్టోరు గది. ఆ నగరానికి మూడు వైపులా బాక్స్ ఫైళ్ళతో కట్టిన ప్రాకారాలు. ఒక్కొక్క ఫైలు వెన్ను మీద క్లయింటు పేరూ, సంవత్సరమూ, ఎలుక పంటి గుర్తులూ శాసనాల్లా చెక్కి ఉంటాయి. నగరం చుట్టూ ఉండవలసిన అగడ్త స్థానంలో ఏసీ నుంచి కారే నీళ్ళు పట్టే బకెట్టు. మదపుటేనుగుల బదులు, ఎవరూ కొనక, ఎవరికీ పారెయ్య మనసొప్పక మిగిలిన మూడు పాత సీఆర్టీ మానిటర్లు. విరిగిన రివాల్వింగ్ కుర్చీ ఒకటి రథశాల. ఉద్యానవనం కూడా ఉంది, కిటికీలో మనీప్లాంట్. అది ఎండిపోయి చాలాకాలమైంది కానీ వర్ణనకు పనికొస్తుంది.

ఆ నగరి నడుమ, ఖాళీ వాటర్ క్యాన్లకు నాలుగడుగుల ఎత్తున, సిక్స్ యూ ర్యాకు సింహాసనం. సింహాసనానికి కొలతలు ఉన్నాయి. వెడల్పు 19 అంగుళాలు, లోకమంతా అంతే. ఎత్తు లెక్కపెట్టేది యూలలో. ఒక్కో యూ అంగుళం ముప్పాతిక. సర్వరేశ్వరుడు వన్ యూ. అనగా నిలువెత్తు అంగుళం ముప్పాతిక. అంత పొట్టివాడికి లోకంలో ఇంత గౌరవం దక్కడం వామనుడి తర్వాత మళ్ళీ ఇదే. ఆ వామనుడు మూడడుగులు అడిగాడు, ఈయన నాలుగు డిస్కులు అడిగాడు, అంతే తేడా.

ముఖమండలాన నాలుగు ట్రేలు, ఒక్కో ట్రేలో ఒక్కో డిస్కు, ఒక్కో డిస్కుకూ ఒక పచ్చదీపం. అవి మినుకుమినుకుమంటుంటే ఆఫీసుకు క్షేమం. లోపల పళ్ళేలు నిమిషానికి 7,200 చుట్లు, అంటే సెకనుకు 120 ప్రదక్షిణలు చేస్తుంటాయి. లెక్క కట్టండి: మూడున్నర అంగుళాల డిస్కులోని పళ్ళెం అంచు గంటకు దాదాపు 130 కిలోమీటర్ల వేగంతో పోతోంది. ఆ వేగంతో హైదరాబాదు హైవే ఎక్కితే నందిగామ దాటకముందే చలానా. ఈయన మాత్రం కూర్చున్నచోటి నుంచి కదలకుండా, బీమా లేకుండా, ఏళ్ళ తరబడి అదే వేగం. ఆ పళ్ళెం మీద చదివే తల ఆనీ ఆనకుండా, వెంట్రుక మందంలో పదివేలో వంతైనా లేని ఎత్తున తేలుతుంటుంది. అది గానీ పళ్ళేన్ని తాకిందా, ఒక ఆర్థిక సంవత్సరం గీసుకుపోయినట్టే.

కంఠస్వరం సంగతి చెప్పాలి. ఎత్తు తక్కువ కాబట్టి ఒంట్లో పట్టేవి చిన్న చిన్న ఫ్యాన్లు, చిన్న ఫ్యాన్లు గాలి తోలాలంటే పెద్ద వేగంతో తిరగాలి, వేగంగా తిరిగితే అరవాలి. అందుకని పొట్టి పెట్టెలకే గొంతు పెద్దది. మే నెలలో బెజవాడ ఎండ నలభై అయిదు దాటినప్పుడు ఆ గొంతు హాల్లోకి వినిపిస్తుంది. అప్పుడు ఫోనులో మాట్లాడే క్లయింటు "ఏవండీ, మిక్సీ ఆపుతారా" అంటాడు.

తృతీయాశ్వాసం: పట్టాభిషేకం

అమావాస్య వెళ్ళాక మంచిరోజు చూసి హార్డ్‌వేర్ కుర్రాడు డ్రిల్లు మిషనుతో వేంచేశాడు. ప్రతి మహావీరుడికీ పట్టాభిషేకానికి ముందు ఒక పరీక్ష ఉంటుంది. ఇక్కడ ఆ పరీక్ష పేరు కేజ్ నట్.

కేజ్ నట్ అనేది చూడ్డానికి వేలిగోరంత. చుట్టూ ఉక్కు పంజరం, లోపల చదరపు నట్టు, రెండు పక్కలా రెండు చెవులు. ర్యాకు స్తంభంలో చదరపు కన్నాలుంటాయి, యూకి మూడు చొప్పున. ఒక చెవి కన్నంలో దూర్చి, రెండో చెవిని బొటనవేలితో నొక్కి, లోపలికి టప్పున వెయ్యాలి. చెప్పడానికి ఇంతే. చెయ్యబోతే మొదటి చెవి ఎక్కినప్పుడు రెండోది ఎక్కదు, రెండోది ఎక్కేవేళకు మొదటిది జారి, ర్యాకు అడుగున చీకట్లో ఖణేలుమంటుంది. కుర్రాడు స్క్రూడ్రైవరు మొన పెట్టి తోశాడు. నట్టు ఎగిరింది. బాక్స్ ఫైళ్ళ ప్రాకారం దాటి బకెట్టులో పడింది. "ఒరేయ్ తమ్ముడూ, బాణాలేస్తున్నావా?" అన్నారు పెద్ద గుమాస్తా గారు కాలు వెనక్కి తీసుకుంటూ. నాలుగు నట్లు ఎక్కేసరికి కుర్రాడి రెండు వేళ్ళ చర్మం రాజ్యానికి సమర్పణ అయిపోయింది. అభిషేకానికి వేరే కుంకుమ అక్కర్లేకపోయినా ఆడిటరు గారి భార్య తెచ్చిన కుంకుమ పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. ఆ నీళ్ళు పెట్టె మీద పడకుండా కుర్రాడు అడ్డం నిలబడ్డాడు. ఆ రోజు జరిగిన సాంకేతిక సేవల్లో మొదటిదీ ముఖ్యమైనదీ అదే.

తీరా ర్యాకు గాజుతలుపు వెయ్యబోతే పడలేదు. ర్యాకు లోతు 450 మిల్లీమీటర్లు, ప్రభువు వెన్నుపొడవు అంతకన్నా ఎక్కువ. కొనేవాళ్ళు యూలు అడుగుతారు, ధర అడుగుతారు, లోతు అడగరు. తలుపు ఊడదీసి ప్రాకారానికి ఆనించారు. రాజన్నవాడు ప్రజలకు అడ్డులేకుండా దర్శనమివ్వాలని ఆడిటరు గారే సర్దిచెప్పారు.

అసలు గండం ఆ తర్వాత వచ్చింది. ఆడిటరు గారు తెర మీద అంకె చూశారు. చూసి, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ చూశారు.

"ఎనిమిది టీబీ డిస్కులు నాలుగు కొన్నాం. ముప్పై రెండు. ఇక్కడ ఇరవై ఒకటి పాయింట్ ఎనిమిది చూపిస్తోంది. పది పాయింట్ రెండు షార్టేజీ. ఎక్కడ పోయింది బాబూ?"

"ఎక్కడికీ పోలేదు సార్, అది అంతే."

ముప్పై ఏళ్ళ ప్రాక్టీసులో "అది అంతే" అనే జవాబును ఆడిటరు గారు ఏ క్లయింటు దగ్గరా ఒప్పుకోలేదు. కాబట్టి అక్కడికక్కడే రీకన్సిలియేషన్ స్టేట్‌మెంటు వేయించారు. కొన్నది 32. అందులో ఒక డిస్కు బరువు, అనగా 8, రక్షణ ఖాతాకు. మిగిలింది 24. డిస్కులు అమ్మేవారు వెయ్యి లెక్కన కొలుస్తారు, కంప్యూటరు 1,024 లెక్కన కొలుస్తుంది. ఆ తూకం తేడా 2.2. నికరం 21.8. టోటల్ కలిసింది. కింద ఇనీషియల్ వేశారు. కావ్యలోకంలో పట్టాభిషేకమైన వెంటనే ఆడిట్ అయిన ప్రభువు ఈయన ఒక్కడే.

చతుర్థాశ్వాసం: రాజ్యపాలన

సర్వరేశ్వరుడి పాలనలో ప్రతి కంప్యూటరులోనూ జెడ్ డ్రైవ్ వెలసింది. గిగాబిట్ రహదారి మీద సెకనుకు నూటపది మెగాబైట్ల దాకా సరుకు రవాణా సాగింది. క్లయింటుకో ఫోల్డరు, ఫోల్డరులో ఏడాదికో ఫోల్డరు, దానిలో "న్యూ ఫోల్డర్ (3)". జీతాల ఫోల్డరు అంతఃపురం. ఆర్టికల్స్ ఎవరైనా తొంగిచూస్తే యాక్సెస్ డినైడ్ అని ద్వారపాలకుడి కేక. అంతఃపురం తాళంచెవి మాత్రం మేనేజరు మేడమ్ మానిటరుకు అంటించిన పచ్చచీటీ మీద ఉంటుంది.

ధర్మం ఒక పాదం మీద కుంటేది ఎక్సెల్ దగ్గర. ఒకరు తెరిచిన ఫైలు ఇంకొకరికి రాయడానికి దొరకదు. అది ప్రభువు పక్షపాతం కాదు, న్యాయం: ఇద్దరు ఒకే బ్యాలెన్స్ షీటును దిద్దితే మూడోది పుట్టుకొస్తుంది. ఆ న్యాయం ఫలితంగా గడువు రోజున హాల్లో రణభేరి వినిపిస్తుంది. "ఎవరండీ ట్రయల్ బ్యాలెన్స్ తెరిచి టిఫినుకు పోయింది?" తెరిచినవాడు అప్పటికి బీసెంట్ రోడ్డులో ఇడ్లీ ముందు ఉంటాడు.

రాజుకు రాజధర్మం కూడా ఉంది, అది చట్టం రాసిపెట్టింది. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఎనిమిది ఆర్థిక సంవత్సరాల లెక్కలు దాచాలి. జీఎస్టీ పద్దులు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు ఉంచాలి. కంపెనీలు లెక్కల పుస్తకాలను ఎలక్ట్రానిక్‌గా ఉంచితే, దేశంలోనే ఉన్న సర్వర్లో వాటి బ్యాకప్ ఉండాలని నియమం. అది అప్పుడప్పుడు తీస్తే చాలదు, రోజూ తియ్యాలని 2022 ఆగస్టులో సవరించారు. క్లయింట్లందరికీ ఆ నియమం చదివి వినిపించేది ఈ ఆఫీసే. దీపం కింద చీకటి ఎంత ఉందో పంచమాశ్వాసంలో తెలుస్తుంది.

పంచమాశ్వాసం: యుద్ధకాండ

మార్చి ఆఖరి వారం. రాత్రి తొమ్మిదిన్నర. ఆఫీసు మొత్తం టీ మీద నడుస్తున్న వేళ స్టోరు గదిలోంచి బీప్, బీప్, బీప్. నాలుగు పచ్చదీపాల్లో మూడోది ఎర్రబడింది. ఒక డిస్కు వీరస్వర్గం అలంకరించింది.

హాల్లో ఒక్కరి పనీ ఆగలేదు. అదీ వ్రతమహిమ. ఎలాగంటే, మూడు డిస్కుల మీద ఒక్కో గడిలో 1, 0, 1 ఉన్నాయనుకోండి. నాలుగోది సాక్షి. అందరిలోనూ కలిపి ఒకట్లు సరిసంఖ్య కావాలన్నది నియమం. ఇప్పటికే రెండున్నాయి కాబట్టి సాక్షి 0 రాసుకుంటుంది. ఇప్పుడు మూడోవాడు పోయాడు. మిగిలినవి 1, 0, 0. ఒకట్లు బేసిగా ఉన్నాయి, కాబట్టి పోయినవాడి చేతిలో ఉన్నది 1. ఈ సాక్షి ఉద్యోగం ఒక్కడికే అంటగట్టరు, నలుగురూ వంతులవారీగా చేస్తారు. మరణించినవాడు ఏం మోస్తున్నాడో బతికున్నవాళ్ళు ఇలా గడిగడికీ తేల్చి చెబుతుంటే, ట్యాలీ వోచర్లు యథాప్రకారం సేవ్ అవుతున్నాయి.

మర్నాడు కుర్రాడు కొత్త డిస్కు తెచ్చాడు. పెట్టె ఆపనైనా ఆపకుండా పాత ట్రే లాగి కొత్తది తోశాడు. పునర్నిర్మాణ యజ్ఞం మొదలైంది. సెకనుకు 200 మెగాబైట్లు ఆగకుండా రాసినా ఎనిమిది టీబీ నిండడానికి పదకొండు గంటల పైచిలుకు పడుతుంది. పక్కన ఆఫీసు పని నడుస్తుంటే ఇంకా ఎక్కువ. ఆ సమయంలో ఇంకొకడు రాలితే సర్వం స్వాహా. రెండు చావులు తట్టుకునే రెయిడ్ 6 అనే కఠినవ్రతం ఉంది కానీ నాలుగు డిస్కుల్లో రెండు దానికే పోతాయని విని ఆడిటరు గారు అప్పట్లో షార్టేజీ ఒప్పుకోలేదు. అందుకని ఆ రాత్రి అందరూ స్టోరు గది ముందు మెల్లగా నడిచారు. కరెంటు పోయి వచ్చింది. యూపీఎస్ ఆదుకుంది. దాని నుంచి పెట్టెకు ఒక యూఎస్‌బీ తీగ ఉంది. బ్యాటరీ అడుగంటేలోగా "ప్రభూ, పవళించండి" అని కబురు చెప్పేది ఆ తీగే. అది తగిలించకపోతే యూపీఎస్ చావును కాసేపు వాయిదా వేస్తుంది, అంతే. తెల్లారేసరికి నాలుగు దీపాలూ పచ్చనయ్యాయి. జయజయధ్వానాలు, మసాలా టీలు.

ప్రబంధం ఇక్కడ ముగియాలి. ముగియలేదు. ఆ సాయంత్రం ఒక ఆర్టికల్ కుర్రాడు స్థలం ఖాళీ చేద్దామనే సదుద్దేశంతో "పాతవి" అని ఉన్న ఫోల్డరు తుడిచాడు. పాతవి కావు, ఒక రైస్ మిల్లు వారి మూడేళ్ళ పద్దులు. నెట్‌వర్కు డ్రైవులో తుడిస్తే విండోస్ చెత్తబుట్టలోకి పోదు, నేరుగా గంగలో కలుస్తుంది. పెట్టెకు సొంత చెత్తబుట్ట ఉంది కానీ, దాన్ని ఆన్ చేసే టిక్కు "తర్వాత చూద్దాం సార్" జాబితాలో ఉంది. సర్వరేశ్వరుడు ఏం చేశాడు? ఆజ్ఞ శిరసావహించాడు. నాలుగు డిస్కుల మీదా ఏకకాలంలో, అత్యంత విశ్వాసంతో, సాక్షి గడులతో సహా తుడిచేశాడు. దీపాలు పచ్చగానే ఉన్నాయి. బీప్ రాలేదు. ఆయన దృష్టిలో అంతా సవ్యంగానే జరిగింది.

శత్రువు బయటి నుంచి వచ్చినా జరిగేది ఇదే. 2017 మే 12న వానాక్రై అనే రాక్షసుడు బయల్దేరాడు. ఫైళ్ళు పంచుకునే భాషలో ముసలిదైన తొలిరూపం, ఎస్ఎంబీ 1, వాడికి రాచబాట అయింది. ఆ కన్నం పూడ్చే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే ఇచ్చింది. వేసుకోనివారు కంప్యూటర్లలో తాళాలు చూసుకున్నారు. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా వాడి వాత పడ్డాయి. రెయిడ్ చేతిలో దీనికి అస్త్రం లేదు. తాళం వేసిన ఫైలునూ అది అంతే భక్తిగా నాలుగు డిస్కుల మీద కాపాడుతుంది.

హాల్లో నిశ్శబ్దం. రైస్ మిల్లు యజమాని ఫోను మోగుతోంది. అప్పుడు పెద్ద గుమాస్తా గారు లేచారు. ప్రబంధం పొడుగునా ఎవరూ లెక్కచెయ్యని మనిషి. ఆయన దగ్గర అరచేతిలో పట్టే ఎక్స్‌టర్నల్ డిస్కులు రెండున్నాయి. రోజూ సాయంత్రం ఒకటి సర్వర్‌కు తగిలించి వెళ్తారు, రాత్రి కాపీ అవుతుంది; పొద్దున్న దాన్ని పీకి, సాయంత్రం టిఫిను క్యారియరు సంచిలో పటమటలో ఉన్న ఇంటికి పట్టుకెళ్ళి బీరువాలో పెడతారు, రెండోది తెచ్చి తగిలిస్తారు. ఎవరడిగారని? ఎవరూ అడగలేదు. 1990లలో ఫ్లాపీలు ఇంటికి తీసుకెళ్ళిన అలవాటు, మానలేదు. అంతే. సంచి తెరిచారు. కూరగిన్నె పక్కన నుంచి డిస్కు బయటికి వచ్చింది. రైస్ మిల్లు నిన్న రాత్రి దాకా యథాతథంగా దొరికింది. పోయింది ఒక్కరోజు ఎంట్రీలు, అవి మళ్ళీ కొట్టారు.

ఈ ఘట్టాన కవి ఊరుకోలేక ఒక ఆటవెలది చెప్పాడు:

డిస్కు చచ్చెనేని డేటాకు భయమేల
పక్కడిస్కులుండు బతుకు నిలుప
చేయి జారి ఫైలు చెరిపివేసితివేని
రక్షసేయునొక్క రాత్రికాపి

ఫలశ్రుతి

ఈ చరిత్ర చదివినవారికి డిస్కులు చావకుండా ఉంటాయని కవి హామీ ఇవ్వడు. చస్తాయి, తిరిగేవన్నీ ఏదో ఒకనాడు ఆగుతాయి. సర్వరేశ్వరుడు వీరుడే, డిస్కు చావుతో పోరాడి గెలిచాడు. మన చేతులతోనూ మన పాస్‌వర్డులతోనూ పోరాడటం ఆయన వ్రతంలో లేదు. ఆ పని రెండో కాపీది, ఆఫీసు దాటిన మూడో కాపీది. రెయిడ్ ఉంది కదా బ్యాకప్ ఎందుకన్నవాడు రైస్ మిల్లు కథ ఇంకొకసారి చదవాలి.

లోకంలో ప్రపంచ బ్యాకప్ దినమని ఒకటుంది. 2011 నుంచి ఏటా మార్చి 31న జరుపుతారు. ఆడిటరు ఆఫీసులు సంవత్సరం మొత్తంలో ఊపిరి పీల్చుకోని రోజు అదే కాబట్టి మన పండుగ మనం వేరే రోజున పెట్టుకోవాలి. నెలకో శనివారం చాలు. పెట్టెకు చెత్తబుట్టా, ఫైళ్ళ పాత రూపాలు దాచే స్నాప్‌షాట్లూ ఆన్ చేశారో లేదో చూడండి. ఎస్ఎంబీ 1 ఆపించండి. యూపీఎస్ తీగ తగిలించండి. మానిటరు మీది పచ్చచీటీ చింపండి. ఇక అన్నిటికన్నా ముఖ్యం, బ్యాకప్ డిస్కులోంచి ఏదో ఒక ఫైలు వెనక్కి తీసి, తెరిచి, లోపల అంకెలున్నాయో లేదో కళ్ళారా చూసుకోండి. చూసిన తేదీ రిజిస్టర్లో రాసి సంతకం పెట్టండి. ఆడిటరు గారు అడుగుతారు.